రోబో ఫైట్ రక్తి కట్టాలంటే రూల్ బుక్కే దిక్కు

రిమోట్‌తో నడిపే రోబోలు బరిలో కొట్టుకునే ఆట ఇది. 1995లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫోర్ట్ మేసన్‌లో జరిగిన రోబో వార్స్ పోటీలకు బ్లెండో అనే రోబో వచ్చింది. కట్టినవాడు జేమీ హైనమన్, ఆ తర్వాత టీవీ సైన్స్ షోతో బాగా పేరు తెచ్చుకున్న మనిషి. పెద్ద మూకుడు బోర్లించి దాన్నే పైకప్పుగా పెట్టాడు. ఆ మూకుడు మొత్తం గిర్రున తిరుగుతుంది. అంచున బిగించిన బ్లేడు ఎదుటి రోబోకు తగిలిందంటే రేకులు ఊడి ఎగిరిపోవడమే. అలా ఎగిరిన ముక్కలు బరి గోడ దాటి జనం వైపు రావడంతో నిర్వాహకులకు చెమటలు పట్టాయి. చివరికి బ్లెండోకు సహ విజేత పట్టం కట్టి, ఇక బరిలోకి దిగొద్దు మహాప్రభో అన్నారు.

ఈ ఆటకు అసలు చిక్కేమిటో ఆ ఒక్క సంఘటనలోనే కనబడుతుంది. అన్నిటికన్నా బలమైన యంత్రం వస్తే పోటీ ముగిసిపోతుంది. పోనీ బలాన్ని పూర్తిగా కట్టడి చేస్తే రెండు ఇనప డబ్బాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ కూర్చుంటాయి. ఈ రెంటి మధ్యా ఆటను నిలబెట్టే పని మోటార్లది కాదు, రూల్ బుక్‌ది. పెద్ద ఆయుధాలు చేరినంత మాత్రాన రోబో పోటీలు రంజుగా మారలేదు. ప్రతి ఎత్తుకూ ఒక పైఎత్తు మిగిలేలా నిబంధనలు రాసిన చోటే రంజుగా ఉన్నాయి.

చరిత్ర క్లుప్తంగా ఇదీ. మార్క్ థార్ప్ 1994లో రోబో వార్స్ మొదలుపెట్టాడు. 1998లో అదే పేరుతో బీబీసీలో బ్రిటిష్ షో వచ్చింది. 1999లో ట్రే రోస్కీ, గ్రెగ్ మన్సన్ కలిసి లాంగ్ బీచ్‌లో బ్యాటిల్‌బాట్స్ పోటీ పెట్టారు, మరుసటి ఏడాదే అది టీవీకెక్కింది. కొన్నేళ్లకు ఆగిపోయి 2015లో ఏబీసీ ఛానల్లో మళ్లీ ఊపిరి పోసుకుంది, తర్వాత డిస్కవరీకి మారింది. ఇప్పటి బ్యాటిల్‌బాట్స్‌లో ఒక్కో రోబో బరువు 250 పౌండ్లు, అంటే సుమారు 113 కిలోలు దాటకూడదు. బరి 48 అడుగుల చదరం. ఫైట్ మూడు నిమిషాలు. కదలలేకపోయిన రోబోకు రిఫరీ పది లెక్కపెడితే నాకౌట్, లేదంటే తీర్పు జడ్జీలది.

తొలి రోజుల్లో అందరినీ ఏడిపించింది వెడ్జ్. ముందుభాగం ఏటవాలుగా, నేలకు అంటుకుపోయినట్టుండే పెట్టె అది. ఎదుటి రోబో కిందికి దూరి, చక్రాలు గాల్లోకి లేపి, గోడకేసి నెట్టేస్తుంది. విరగడానికి అందులో పెద్దగా ఏమీ ఉండదు, ఖర్చూ తక్కువే. ఇంజినీరింగ్ లెక్కన చూస్తే అది చక్కటి పరిష్కారం కూడా. కానీ చూసేవాడికి? రెండు వెడ్జ్‌లు తలపడితే మూడు నిమిషాలూ తోపులాటే. పునఃప్రారంభమైన బ్యాటిల్‌బాట్స్ దీనికి చెప్పిన మందు చాలా చిన్నది: ప్రతి రోబోకూ తనంతట తాను కదిలే ఆయుధం ఒకటి ఉండి తీరాలి. వెడ్జ్‌ను నిషేధించలేదని గమనించాలి. ఏటవాలు రేకు పెట్టుకో, కానీ అదొక్కటే పెట్టుకుని రావద్దు అన్నారంతే. నిషేధిస్తే స్పిన్నర్లకు, అంటే తిరిగే ఆయుధంతో కొట్టే రోబోలకు అడ్డుకట్ట లేకుండా పోయేది, ఎందుకంటే తిరిగే బ్లేడుకు దీటైన కవచం ఏటవాలు రేకే. దెబ్బ దాని మీద జారిపోతుంది.

టీ20 క్రికెట్‌లో తొలి ఆరు ఓవర్లు సర్కిల్ బయట ఇద్దరు ఫీల్డర్లే ఉండాలన్న నిబంధన ఎవరికీ సిక్స్ కొట్టడం నేర్పలేదు, కొడితే లాభం ఉండేలా చేసిందంతే. రోబో పోటీల్లో ఆ పని చేసేది జడ్జీల స్కోరు కార్డు. టీవీలో పట్టుమని పది సెకన్లు కూడా చూపించని ఆ కాగితమే ఏ రోబో ఎలా పుట్టాలో నిర్ణయిస్తుంది.

బ్యాటిల్‌బాట్స్ కొన్ని సీజన్లుగా వాడుతున్న లెక్క చూద్దాం. ఒక్కో జడ్జి చేతిలో 11 పాయింట్లు ఉంటాయి. నష్టం కలిగించినందుకు 5, దూకుడుకు 3, ఆటను తన అదుపులో ఉంచుకున్నందుకు 3. వీటిని ఇద్దరి మధ్యా పంచాలి. 11 బేసి సంఖ్య కాబట్టి ఏ జడ్జి కార్డులోనూ టై రాదు. పైకి చూస్తే నష్టానిదే పెద్దపీట అనిపిస్తుంది. కానీ ఒక రోబో నష్టంలో 4-1తో వెనకబడి, దూకుడులో 3-0, అదుపులో 2-1 తెచ్చుకుందనుకోండి. మొత్తం 6-5తో గెలిచేది అదే. నష్టంలో 5-0తో చిత్తయినా, మిగతా రెండూ 3-0 చొప్పున ఊడ్చేస్తే అప్పుడూ 6-5తో దానిదే గెలుపు. అంటే సగం రేకులు ఊడిపోయిన రోబో కూడా ఎదురెళ్లి మీద పడుతూనే ఉంటే దానికి ఆశ ఉంది. చివరి నిమిషం దాకా జనం కుర్చీ అంచున కూర్చునేది అందుకే. ఇదే కార్డులో నష్టానికి 9, మిగతా రెంటికీ ఒక్కోటి ఇచ్చి ఉంటే తొలి దెబ్బ తిన్నవాడు మూలకు పోయి నిలబడేవాడు. వేగంగా దూసుకెళ్లి ఎదుటివాణ్ని ఎత్తి మోసుకుపోయే క్లా వైపర్ లాంటి రోబోలు కట్టే ధైర్యం కూడా ఎవరికీ ఉండేది కాదు.

స్పిన్నర్ల సంగతికొస్తే, ఇక్కడ కాస్త లెక్కల్లోకి దిగక తప్పదు. ఆట అందమంతా ఆ లెక్కల్లోనే ఉంది. 30 కిలోల బరువు, మీటరు పొడవు ఉన్న ఉక్కు కడ్డీని మధ్యలో పట్టి తిప్పుతున్నారనుకోండి. బ్యాటిల్‌బాట్స్‌లో ఆయుధం కొన వేగం గంటకు 250 మైళ్లు దాటకూడదు, అంటే దాదాపు 400 కిలోమీటర్లు. ఆ పరిమితి అంచున మన కడ్డీ నిమిషానికి సుమారు 2,100 చుట్లు తిరుగుతుంది. అందులో దాగిన శక్తి 60 వేల జౌళ్ల పైమాటే. వెయ్యి కిలోల కారు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దితే వెలువడేంత శక్తి అది. అదంతా ఒక గోరంత చోట, సెకనులో వెయ్యో వంతు కాలంలో దిగుతుంది.

మరి ఇంకా వేగంగా తిప్పితే ఇంకా గట్టిగా తగలదా? తగలకపోవచ్చు. బిల్డర్లు దీన్ని బైట్ అంటారు, పంటి గాటు అన్నమాట. రెండు రోబోలు ఎదురెదురుగా వస్తూ సెకనుకు మొత్తం 5 మీటర్ల చొప్పున దగ్గరవుతున్నాయి. ఆయుధానికి ఒకే పన్ను ఉంది, అది నిమిషానికి 6,000 చుట్లు, అంటే సెకనుకు 100 చుట్లు తిరుగుతోంది. ఒక చుట్టుకూ మరో చుట్టుకూ మధ్య ఎదుటి రోబో లోపలికి రాగలిగేది 5 సెంటీమీటర్లు. పన్ను అంత లోతుగా దిగొచ్చు. అదే ఆయుధానికి రెండు పళ్లుంటే రెండున్నర సెంటీమీటర్లే. వేగం రెట్టింపు చేస్తే అదీ సగమవుతుంది. మరీ వేగంగా తిరిగే ఆయుధం పట్టు దొరక్క పైపైన గీరుతూ జారిపోతుంది, రాపిడికి నిప్పురవ్వలు మాత్రం బాగా లేస్తాయి. అందుకే నేర్పున్న డ్రైవర్లు దెబ్బ వేసే ముందు కాస్త దూరం పోయి, పరుగున వచ్చి గుద్దుతారు. ఒంటిపన్ను డిస్కుల మీద మోజు పెరిగింది కూడా ఇందుకే. ఒకవైపే పన్ను ఉంటే తూకం తప్పుతుంది కాబట్టి, రెండోవైపు అంతే బరువును ఎలా సర్దాలన్నది డిజైనర్ పనితనం.

అంటే కొన వేగం మీద పెట్టిన పరిమితి భద్రత కోసం వచ్చినా, దానివల్ల ఆట చప్పబడలేదు. వేగం ఒక చోట ఆగిపోతుందని తెలిశాక బిల్డర్ల ఆలోచన బరువును ఎక్కడ పెట్టాలి, పళ్లు ఎన్ని ఉండాలి, ఎంత సేపట్లో పూర్తి వేగం అందుకోవాలి అన్న వాటి మీదికి మళ్లింది. ఈ చివరిది మరీ కీలకం. పెద్ద కడ్డీ వేగం పుంజుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. లైట్లు పచ్చగా మారగానే ఎదుటివాడు బరికి అడ్డంగా దూసుకొచ్చి మీద పడితే ఆ ఆయుధం ఉత్త ఇనప ముక్కే. 2016 విజేత టూంబ్‌స్టోన్ ఇలాంటి అడ్డకడ్డీ రోబోనే. దాని దెబ్బకు ఎగిరిపోయిన రోబోలు ఎన్నో. కానీ చర్యకు ప్రతిచర్య తప్పదు కదా, కొట్టిన ప్రతిసారీ అదీ వెనక్కి విసిరేసినట్టు పోయేది, ఒక్కోసారి తన దెబ్బకు తనే విరిగేది. నిలువుగా తిరిగే స్పిన్నర్‌కు ఆ బాధ తక్కువ. తాకిడి నేలలోకి దిగిపోతుంది. దానికి వేరే తద్దినం ఉంది: బొంగరం గుణం వల్ల మలుపు తిరిగేటప్పుడు ఒకవైపు చక్రాలు లేచిపోతాయి.

ఇలా ప్రతి బలానికీ ప్రకృతే ఒక లోపం జోడించింది. దాన్ని చెడగొట్టకుండా ఉంటే రూల్ బుక్ సగం పని చేసినట్టే. 2018లో బరిలోకి వచ్చిన హ్యూజ్ అనే రోబోను చూస్తే ఈ మాట అర్థమవుతుంది. దానికి రెండు భారీ చక్రాలు, వాటి మధ్య పైన వేలాడే చిన్న ఒళ్లు. నేల బారున తిరిగే కడ్డీకి ఆ ఒళ్లు అందదు, తగిలితే చక్రాలకే తగలాలి. ఆ చక్రాలేమో దెబ్బను మింగే గట్టి ప్లాస్టిక్. పగలవు, వంగి మళ్లీ సాగుతాయి. దాని ఆకారం చూసి నవ్వినవాళ్లే తర్వాత దాని కోసం ప్రత్యేకంగా పొడవాటి కొమ్ములు తయారు చేసుకుని రావాల్సి వచ్చింది.

నిబంధనలతో కొత్త డిజైన్లను పిలిచే మరో దారి బరువు రాయితీ. కాళ్లతో నడిచే రోబో కట్టడం చక్రాల రోబో కన్నా చాలా కష్టం, బరువూ ఎక్కువ పడుతుంది. కాబట్టి నడిచేవాటికి అదనపు బరువు ఇద్దామనేది ఆలోచన. మంచి ఆలోచనే. 2001 సీజన్‌లో టీమ్ వయాచీ ఆ నిబంధనను ఎక్స్‌రే తీసినట్టు చదివింది. వాళ్ల సన్ ఆఫ్ వయాచీకి మోకాళ్లు లేవు, అడుగులు లేవు. కింద వరసగా ఉన్న చిన్న పాదాలను క్యామ్‌లు (ఇరుసు మీద తిరిగే బిళ్లలు) ఎత్తి దించుతుంటే రోబో జరుక్కుంటూ పోతుంది. అక్షరాలా చూస్తే చక్రం నేలను తాకడం లేదు, కనుక రాయితీ ఇవ్వాల్సిందే. ఆ మిగులు బరువంతా తీసుకెళ్లి పైన గిరగిరా తిరిగే మూడు చేతుల ఆయుధంలో పెట్టారు. ఫైనల్లో అప్పటి మేటి రోబో బయోహజార్డ్‌నే ఓడించి హెవీవెయిట్ టైటిల్ పట్టుకుపోయారు. తర్వాత నిర్వాహకులు రాయితీ నిబంధనను తిరగరాశారు. జరుక్కుంటూ పోయేవాటిని అసలు నడక కింద లెక్కించకూడదని తేల్చారు.

ఇది మోసం అన్నవాళ్లున్నారు. ఆ మాట ఒప్పుకోలేం. రాసింది రాసినట్టు పాటించిన జట్టును తప్పుపట్టి లాభం లేదు. 'నడక' అంటే ఏమిటో చెప్పకుండా దానికి బహుమానం ప్రకటించడం నిర్వాహకుల పొరపాటు. పైగా సందు వెతకడం ఈ ఆటలో భాగమే. అసలు ప్రశ్న, ఆ సందు ఎంతకాలం తెరిచి ఉంచారన్నది. ఒక సీజన్ తెరిచి ఉంటే అది ఇరవయ్యేళ్లు చెప్పుకునే కథ. మూడు సీజన్లు తెరిచి ఉంటే బరి నిండా జరుక్కునే పెట్టెలే ఉండేవి. చాలా ఏళ్ల తర్వాత 2020 సీజన్‌లో చాంప్ (Chomp) అనే రోబో జట్టు 500 పౌండ్ల నిజమైన కాళ్ల రోబోతో వచ్చింది. గెలుపులు పెద్దగా దక్కలేదు కానీ, మామూలు పరిమితికి రెట్టింపు బరువున్న ఆ యంత్రం ఊగుతూ అడుగులేస్తుంటే చూడ్డానికి అందరూ పిట్‌లో (రోబోలను బాగుచేసుకునే చోట) పని ఆపి వచ్చారంటే నమ్మొచ్చు.

సందులన్నీ ఒకటి కావు. 2015లో కంప్లీట్ కంట్రోల్ అనే రోబో గిఫ్ట్ ప్యాక్ చేసిన డబ్బా ఒకటి ముందు పెట్టుకుని ఘోస్ట్ రాప్టర్ మీదికి వచ్చింది. ఘోస్ట్ రాప్టర్ కడ్డీ ఆ డబ్బాకు తగలగానే అందులోంచి వల బయటపడి ఆయుధానికి చుట్టేసుకుంది. అంతే, ఫైట్ అక్కడే ఆగిపోయింది. వలలు ఈ ఆటలో చాలాకాలంగా నిషిద్ధమే, కానీ ఆ ఏడు రూల్ బుక్‌లో ఆ మాట స్పష్టంగా లేదన్నది జట్టు వాదన. పెద్ద గొడవయ్యాక వల లేకుండా మళ్లీ ఫైట్ పెట్టారు, ఘోస్ట్ రాప్టర్ గెలిచింది. మరుసటి ఏడాది జరిగిన ఇంకో ముచ్చట దీని పక్కన పెట్టి చూడాలి. వారియర్ క్లాన్ జట్టు రోబోతో పాటు నిప్పులు కక్కే డ్రోన్‌ను కూడా ఎగరేసింది. దానికి హైపర్‌షాక్ జట్టు ఇచ్చిన జవాబు: తోటలో ఆకులు ఊడ్చే పళ్ల కర్ర (రేక్) ఒకటి తెచ్చి రోబోకు బిగించారు. ఫైట్ మధ్యలో ఆ కర్రతో డ్రోన్‌ను ఒక్కటి పీకి కింద పడేశారు. హాలంతా గోల.

వలా అతి తెలివే, పళ్ల కర్రా అతి తెలివే. తేడా ఒక్కటే. వల పడ్డాక ఎదుటి డ్రైవర్ చేతిలో రిమోట్ ఉన్నా లేనట్టే. పళ్ల కర్ర వచ్చాక కూడా డ్రోన్ ఎత్తుగా ఎగిరి తప్పించుకోవచ్చు, రోబోలు కొట్టుకుంటూనే ఉంటాయి. నిషేధించాలా వద్దా అని తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి గీటురాయి కనబడదు. బ్రిటన్ రోబో వార్స్ సిరీస్ 6 ఫైనల్లో టార్నడో చేసింది మాత్రం ఈ గీటురాయి మీద అటూ ఇటూ ఊగుతుంది. ఎదుటిది రేజర్. హైడ్రాలిక్ కొక్కెంతో రోబోలను నలిపేసే అందమైన యంత్రం. టార్నడో వాళ్లు తమ రోబో చుట్టూ పెద్ద చట్రం ఒకటి బిగించుకొచ్చారు. కొక్కేనికి రోబో ఒళ్లు అందితే కదా నలపడానికి! టార్నడో గెలిచింది, అభిమానుల్లో సగంమంది దాన్ని ఈనాటికీ క్షమించలేదు. ఆలోచన గట్టిదే, కానీ చూడ్డానికి వచ్చిన ఫైట్ మాత్రం జరగలేదు.

ఇక రూల్ బుక్‌లో చాలామంది లెక్కలోకి తీసుకోని పేజీ ఒకటుంది: నేల. ఈ మధ్య పెద్ద పోటీల్లో గెలుపోటములు చాలావరకు ఫోర్కుల దగ్గరే తేలిపోతున్నాయి. రోబో ముందు నేలను రాసుకుంటూ పోయే సన్నటి ఉక్కు కొమ్ములు అవి. ఎవరి ఫోర్కు ఎవరి ఫోర్కు కిందికి దూరితే వాళ్ల నిలువు స్పిన్నర్‌కు ఎదుటి రోబో దొరికిపోయినట్టే. ఫలితంగా నాలుగు చక్రాలు, నిలువు డిస్కు, ముందు ఫోర్కులు అనే మూస తయారైంది. పేర్లు, రంగులు తీసేస్తే ఏది ఏదో పోల్చుకోవడం కష్టం. వెడ్జ్‌ల కాలం నాటి జబ్బే ఇది, కాకపోతే ఇప్పుడు నిప్పురవ్వలతో వస్తోంది.

ఫోర్కుల పొడవు మీద పరిమితి పెట్టాలని కొందరి వాదన. కొలబద్ద పట్టుకుని పిట్‌లో తిరగడం కన్నా నేలను వాడుకోవడం మేలు. నేల అద్దంలా నున్నగా ఉంటే సన్నటి ఫోర్కుదే రాజ్యం. ప్లేట్ల అతుకుల దగ్గర వెంట్రుకవాసి ఎత్తుపల్లాలున్నా ఆ ఫోర్కు అక్కడ తట్టుకుని ఆగిపోతుంది, ఒక్కోసారి రోబో మొత్తం గిరికీ కొడుతుంది. అప్పుడు కాస్త మొద్దుగా, కాస్త ఎత్తుగా ఉన్న డిజైన్‌కు బతుకు దొరుకుతుంది. బ్రిటిష్ షోలో నేల మధ్య తెరుచుకునే గొయ్యి కూడా ఇలాంటిదే. ఆయుధం విరిగిపోయిన రోబోకు కూడా గెలిచే దారి ఒకటి మిగిలేది, తోసేస్తే చాలు. బ్యాటిల్‌బాట్స్ 2021లో బరి ఒక వైపున ఎత్తైన అరుగు కట్టింది, నేల రంపాలూ మూల సుత్తులూ ఎటూ ఉన్నాయి. నేల రంపాల వల్ల ఫలితం మారడం అరుదు, అవి ఎక్కువగా కంటికి విందు. బ్రిటిష్ షోలో నిర్వాహకులే దించే హౌస్ రోబోలది మరో రకం. సర్ కిల్లలాట్ లాంటి వాటిని పిల్లలు వెర్రిగా ఇష్టపడ్డారు, షోకు అవే ముఖాలు. కానీ నిర్వాహకుల రోబో పోటీదారుడి రోబోను ఎప్పుడు ముట్టుకోవాలన్న దగ్గర తగాదాలు తప్పలేదు.

మూస పూర్తిగా గెలవలేదనడానికి సాక్ష్యం ఛాంపియన్ల జాబితాలో ఉంది. 2015లో ఎదుటి రోబోను పట్టి ఎత్తే ఆయుధంతో గెలిచిన బైట్ ఫోర్స్, 2018, 2019లలో నిలువు స్పిన్నర్‌తో గెలిచింది. తర్వాత న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఎండ్ గేమ్‌దీ అదే జాతి. ఇక వేరేది గెలవదు అనుకుంటున్నప్పుడు 2023లో ముగిసిన పోటీలో సాబ్లేజ్ టైటిల్ కొట్టింది. దాని ఆయుధం పొడవాటి చేతి చివర తిరిగే రంపం. ముందున్న ఫోర్కులతో ఎదుటివాణ్ని పట్టి గోడకు నొక్కి, పైనుంచి చెయ్యి దించి కోస్తుంది. ఒక్క దెబ్బకు ముగించే శక్తి దానికి లేదు. ఇందాకటి స్కోరు కార్డులో అదుపుకు, దూకుడుకు కలిపి ఆరు పాయింట్లున్నాయి కాబట్టే అలాంటి డిజైన్‌ను జట్టు ఏళ్ల తరబడి వదలకుండా సానపట్టగలిగింది.

అయితే 113 కిలోల రోబోతో ప్రయోగాలు చేయడం ఖరీదైన సరదా. ఒక్క ఫైట్‌లో లక్షల రూపాయల మోటార్లు, బ్యాటరీలు బూడిదవుతాయి. ఓడిపోయే అవకాశం ఎక్కువున్న వింత డిజైన్‌కు అంత సొమ్ము ఎవరు పెడతారు? కొత్త ఆలోచనలు ఎక్కువగా చిన్న తరగతుల్లో పుట్టేది అందుకే. కనెక్టికట్‌లోని నార్వాక్ హ్యావక్ లీగ్ 3, 12, 30 పౌండ్ల తరగతుల్లో పోటీలు నడుపుతుంది. మూడు పౌండ్లంటే కిలోన్నర కూడా కాదు, విరిగిన భాగాన్ని ఇంట్లో ప్రింట్ చేసుకుని మళ్లీ రావొచ్చు. మన దేశంలో ఐఐటీ బాంబే టెక్‌ఫెస్ట్ రోబోవార్స్‌కు, ఇంజినీరింగ్ కాలేజీల ఫెస్టులకు వెళ్లే జట్లలో మాత్రం ఇప్పటికీ పెద్ద బరువుల మీదే మోజు. లేత్ షాపుల చుట్టూ నెలల తరబడి తిరిగి, చందాలు పోగేసి ఒక్క రోబో కడతారు. కాబట్టి సహజంగానే గెలుస్తుందని తెలిసిన తిరిగే డ్రమ్మునో డిస్కునో ఎంచుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేం.

అమెరికాలో ప్లాస్టిక్ యాంట్‌వెయిట్ అనే తరగతి ఉంది. రోబో బరువు ఒక పౌండు, ఒళ్లూ ఆయుధమూ మామూలు త్రీడీ ప్రింటింగ్ ప్లాస్టిక్‌తోనే చేయాలి. ఉక్కు పన్ను లేదు కాబట్టి ఒక్క దెబ్బకు కథ ముగియదు. ముగిసినా నష్టం కాస్త ప్లాస్టిక్, ఒక రాత్రి ప్రింటింగ్. మూడు చక్రాలవీ, తోక ఊపేవీ, ఒళ్లంతా దొర్లేవీ అక్కడ వస్తాయి. మన కాలేజీ ఫెస్టులో ఇలాంటి తరగతి ఒకటి పెట్టడానికి ఉక్కు బరి అక్కర్లేదు, పాలీకార్బొనేట్ షీట్లు బిగించిన ఒక పెట్టె సరిపోతుంది.